ఒడ్డెక్కిన బోటూ, నా స్వాట్ ఎనాలిసిస్సూ

అప్రైజల్ ఫారంలో "మీ బలహీనతలు రాయండి" అనే గడి ఉంటుంది కదా, అందులో మీరెప్పుడైనా నిజం రాశారా? చేతులెత్తక్కర్లేదు లెండి, నేనూ రాయలేదు :-)

ఆరేళ్ళ సర్వీసులో ఆరుసార్లు నింపాను ఆ ఫారం. బలాల కింద "త్వరగా నేర్చుకుంటాను, అందరితో కలిసి పని చేస్తాను". బలహీనతల కింద "పని పూర్తిగా పర్ఫెక్ట్‌గా వచ్చేదాకా వదలను". బలహీనత అని పేరు పెట్టి ఇంకో బలం రాసెయ్యడమన్న మాట. మేనేజరుకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం సంతకాలు పెట్టేసి టీకి వెళ్ళిపోయేవాళ్ళం.

ఈ ఏడాది మాత్రం ఆ సరదా తీరిపోయింది. మార్చి 31తో మా క్లయింట్ కాంట్రాక్టు అయిపోయింది. ఇరవై రోజులు అప్పగింతల పని నడిచింది. ఏప్రిల్ 20 నుంచి నేను బెంచ్ మీద ఉన్నాను. మా కంపెనీలో బెంచ్ గడువు 60 రోజులు. ఆలోపు లోపలే ఇంకో ప్రాజెక్టు దొరక్కపోతే ఏం జరుగుతుందో ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇంతలో హెచ్చార్ నుంచి ఓ మెయిలు వచ్చింది: "మీ పర్సనల్ స్వాట్ ఎనాలిసిస్ నింపి పంపండి, ప్రాజెక్టులు వెతకడానికి ఉపయోగపడుతుంది" అని. అలవాటు కొద్దీ పాతదే కాపీ కొట్టి పంపేశాను. మొదటి ఇంటర్వ్యూలో ఆ కాగితం చూసి అవతలాయన "ఇందులో మీరు ఎక్కడున్నారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రాజెక్టు రాలేదు.

ఇంటి నుంచే పని చెయ్యొచ్చన్నారు కదా అని విశాఖపట్నం వచ్చేశా. మాది వన్‌టౌన్. నాన్న ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవారు. చిన్నప్పుడు ఆదివారాలు నాకు హార్బరే పార్కు. అందుకని ఓ పొద్దున్న అలా జెట్టీ వైపు వెళ్ళాను.

మామూలు రోజుల్లో తెల్లవారుజామున అక్కడ నిలబడ్డానికి చోటుండదు. వేలంపాట కేకలు, రొయ్యల గంపలు, కోనాం చేపలు, ఐసు బళ్ళు. కానీ ఇప్పుడు వేట నిషేధం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిబంధన. 2015కి ముందు ఇది ఇంకాస్త తక్కువ రోజులుండేది. ఇప్పుడు 61. నా బెంచ్ 60! సముద్రమూ, మా హెచ్చారూ మాట్లాడుకున్నట్టే ఉంది :-)

అక్కడ మావయ్య కనిపించాడు. సొంత మావయ్య కాదు, నాన్నకి స్నేహితుడు, బోటు ఓనరు. ఆయన బోటుని ఒడ్డుకి ఎక్కించి, అడుగున అంటుకున్న గుల్లలు గీకిస్తున్నాడు. ఇద్దరు కలాసీలు పలకల సందుల్లో దూది కూరుతున్నారు. ఇంజను విప్పేసి పక్కన టార్పాలిన్ మీద పెట్టారు.

"ఏటల్లుడూ, సెలవులా?" అన్నాడు.

"సెలవులు కాదు మావయ్యా, మాకూ నిషేధమే" అని నా కథంతా చెప్పాను. ఆ కాగితం సంగతి కూడా చెప్పా. ఆయన నవ్వలేదు.

"బోటు నీటిలో ఉన్నంతకాలం దాని అడుగు నీకు కనపడదు గదా. పైకి రంగు బాగానే ఉంటాది. డీజిలు ఎక్కువ తాగేస్తంటే ఇంజను తప్పనుకుంటావు. ఒడ్డెక్కిస్తేనే తెలుస్తాది, గుల్లలు పట్టేసి బరువెక్కిపోనాదని. నువ్వు నీటిలో ఉండి రాసినావు ఆ కాగితం."

ఇంటికొచ్చాక ఈ స్వాట్ అనేది అసలు ఎక్కడ పుట్టిందో చదవడం మొదలెట్టాను. దాంతో పాటే మన హార్బరు కథ కూడా. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఏమిటంటే, ఇన్నాళ్ళూ నేను ఆ నాలుగు గళ్ళనీ తప్పుగా చదువుతున్నాను.

ముందు స్వాట్ సంగతి. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు... ఈ నాలుగూ మనిషి గుణగణాలు రాసుకోడానికి పుట్టినవి కావు. 1960లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో, పెద్ద కంపెనీల ప్లానులు ఎందుకు తన్నేస్తున్నాయి అన్న ప్రశ్న మీద పని చేస్తూ తయారు చేసుకున్న పద్ధతి అది. చాలాకాలం దీని పేరు చెప్పగానే ఆల్బర్ట్ హంఫ్రీ అనేవారు. 2023లో వచ్చిన ఒక పరిశోధన పాత కాగితాలు తవ్వి, దీనికి మూలం అదే సంస్థలో పని చేసిన రాబర్ట్ స్టీవర్ట్ దగ్గర ఉందని చూపించింది. అప్పట్లో దాని పేరు స్వాట్ కాదు, సాఫ్ట్. మన సాఫ్ట్‌వేర్‌లో సాఫ్ట్ కాదండోయ్. సంతృప్తికరంగా ఉన్నవి, అవకాశాలు, లోపాలు, ముప్పులు... ఈ నాలుగు మాటల ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు.

ఈ పాత పేరులో ఒక మంచి సంగతి ఉంది. ఇప్పుడు బాగున్నది "సంతృప్తికరం", రేపు బాగుండబోయేది "అవకాశం". ఇప్పుడు బాగోనిది "లోపం", రేపు బాగోకుండా పోయేది "ముప్పు". అంటే గళ్ళని విడదీసే గీతల్లో ఒకటి కాలం! ఈ రోజు, రేపు. పేరు మారి స్వాట్ అయ్యాక, అందులోనూ ట్రైనింగు క్లాసుల స్లైడ్లలోకి వచ్చాక, ఆ కాలం గీత చెరిగిపోయింది. బలం అంటే మన నుదుటి మీద రాసి పెట్టిన గుణం అనుకోవడం మొదలెట్టాం. ఇంకోటి, మొదట్లో దీన్ని ఒక్కడే గదిలో కూర్చుని నింపేవాడు కాదు. పలువురు మేనేజర్ల చేత రాయించి, పక్కపక్కన పెట్టి చూసేవారు.

ఇక మన హార్బరు దగ్గరికి వద్దాం.

నూట యాభై ఏళ్ళ క్రితం ఎవరైనా మన తీరానికి స్వాట్ రాసి ఉంటే, రేవుకి మంచి పేరు భీమిలికి వచ్చి ఉండేది. డచ్చివాళ్ళ కాలం నుంచి అక్కడ వర్తకం ఉంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు అది. మరి విశాఖపట్నానికి ఏముంది? సముద్రంలోకి ముక్కు పెట్టినట్టుండే యారాడ కొండ, అదే డాల్ఫిన్ నోస్. దాని వెనక మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసేచోట పెద్ద బురద పల్లం, దోమలు. గెడ్డ నోటికి అడ్డంగా ఇసక మేట. ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగాలి, సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకి రావాలి. బలహీనతల గడి నిండిపోయేది.

కానీ కొండని చూసి "ఇది గాలికీ అలలకీ అడ్డం, దీని వెనక ఓడ భద్రంగా ఉంటుంది" అని లెక్క వేసినవాళ్ళున్నారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటిష్ అడ్మిరల్టీకి చెందిన కల్నల్ కార్ట్‌రైట్ రీడ్, మేఘాద్రిగెడ్డ ముఖద్వారం దగ్గరే హార్బరు కట్టొచ్చని ప్రతిపాదించాడు. బురద పల్లం అంటే తవ్వడానికి తేలికైన నేల. తవ్వితే ఓడలు నిలిచే కొలను. తవ్వగా వచ్చిన మట్టి పోస్తే గట్టి నేల. అదే బురద, నిన్న రోగాల కొంప, ఇవాళ హార్బరు.

అయితే బురద దానంతటదే బలంగా మారిపోలేదు. అవతల సెంట్రల్ ప్రావిన్సెస్‌లో మాంగనీసు ఖనిజం ఉంది, అది ఓడెక్కడానికి దగ్గర దారి కావాలి. రాయపూర్ నుంచి విజయనగరం రైలు మార్గం వచ్చి ఆ దారి తెరిచింది. హార్బరు కట్టింది కూడా రైల్వేవాళ్ళే, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1927 నుంచి 1933 దాకా పని నడిచింది, 3 కోట్ల 78 లక్షల రూపాయలు అయ్యింది. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబర్ 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి ప్రారంభోత్సవం చేశాడు. ఖనిజమూ రైలూ లేకపోతే యారాడ కొండ ఎంత గొప్పదైనా పిక్నిక్ స్పాట్ మాత్రమే అయ్యేది. మనం "బలం" గడిలో రాసుకునే చాలా మాటలు ఇలాంటి కొండలే. దాని దాకా రైలు ఎక్కడి నుంచి వస్తుందో రాయం.

మరి ఇసక మేట సంగతి? ఇక్కడే నాకు అసలు పాఠం దొరికింది.

మన తీరం వెంబడి ఇసక ఊరికే కూర్చోదు. అలలతో పాటు నడుస్తూ ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య రుతుపవనాలప్పుడు కొంత వెనక్కి వస్తుంది. హార్బరుకి దారి తవ్వితే ఆ గోతిలో ఈ ఇసక వచ్చి పడుతుంది. ముప్పైల్లో ఇంజనీర్లు ఏం చేశారంటే, రెండు పాత ఓడల్ని దారికి దక్షిణంగా ముంచేసి, వాటినే అలలకి అడ్డుగోడ చేశారు. వచ్చే ఇసక ఒకచోట చేరేట్టు ఏర్పాటు చేసి, డ్రెడ్జర్ పెట్టి తోడటం మొదలుపెట్టారు. ఆ తోడటం ఇప్పటికీ ఆగలేదు. తొంభై ఏళ్ళుగా అదే పని!

చూశారా... ఆ బలహీనత పోలేదు. ఎప్పటికీ పోదు. దానికో యంత్రం, ఓ బడ్జెట్టు, ఓ షెడ్యూలు పెట్టారు, అంతే. మన ఫారాల్లో బలహీనత పక్కనే "వచ్చే క్వార్టర్ కల్లా అధిగమిస్తాను" అని రాస్తాం. నలుగురిలో మాట్లాడాలంటే భయపడేవాడు క్వార్టర్లో వక్త అయిపోతాడా? అవడు. కానీ ప్రతి మీటింగుకీ ముందు పావుగంట మాటలు కాగితం మీద రాసుకుంటే ఓడ లోపలికొస్తుంది. అధిగమించడం వేరు, తోడుకుంటూ ఉండటం వేరు. మనకి చేతనయ్యేది చాలావరకు రెండోదే.

ఇంకా ఉంది. హార్బరు ఇసకని ఆపేస్తే, ఉత్తరాన ఉన్న బీచికి రావలసిన ఇసక రాదు. ఆర్.కె. బీచి కోతకి గురవడం వెనకున్న కారణాల్లో ఇదీ ఒకటి. అందుకే పోర్టువాళ్ళు తోడిన ఇసకని పైపుల్లో బీచి వైపు పంపించే పని చేస్తుంటారు. అంటే ఒకడి భద్రత ఇంకొకడికి కోత. దీని దగ్గర కాసేపు ఆగండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను, నా కథ ఇందులోనే ఉంది.

బలం ముప్పుని వెంటబెట్టుకొస్తుందని కూడా ఈ ఊరే చెప్తుంది. హార్బరు వచ్చింది కాబట్టి 1941లో సింధియా వాళ్ళ ఓడల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులేశాయి. బురద పల్లంగా ఉన్నప్పుడు ఈ ఊరి మీద బాంబు వేసే అవసరం ఎవరికుంది? అక్కడితో కథ ఆగిపోలేదు లెండి, 1948 మార్చిలో అదే యార్డు నుంచి జల ఉష అనే ఓడని నెహ్రూ నీళ్ళలోకి దింపాడు.

ఫిషింగ్ హార్బర్ విషయానికొస్తే మనలాంటివాళ్ళకి ఇంకా దగ్గర కథ ఉంది. 1970లలో ఔటర్ హార్బరు కట్టిన రోజుల్లోనే మరబోట్లకీ ఇక్కడ చోటు ఏర్పడింది. అప్పుడు బంగారం అంటే రొయ్య. జపాన్, అమెరికా ఎంతకైనా కొనేవి. 80లలో విశాఖ నుంచి పెద్ద పెద్ద ట్రాలర్లు బెంగాల్ దగ్గర హుగ్లీ నది మొగలో ఉండే శాండ్‌హెడ్స్ దాకా వెళ్ళి రొయ్యలు పట్టేవి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోతులో వల వెయ్యాలో తెలిసిన మనిషికి ఆ రోజుల్లో ఉన్న విలువ, ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవాడికి ఉన్న విలువే.

తర్వాత ఏమైంది? నెల్లూరు నుంచి గోదావరి దాకా చెరువుల్లో రొయ్యలు పెంచడం మొదలైంది. సముద్రంలోకి వెళ్ళకుండానే రొయ్య! మధ్యలో తొంభైల్లో తెల్లమచ్చ వైరస్ చెరువుల్ని దెబ్బ కొట్టినా, 2009లో వనామీకి అనుమతి వచ్చాక లెక్క పూర్తిగా మారిపోయింది. ఇటు డీజిలు ఖర్చు పెరిగింది, అటు ధర పడింది. పెద్ద ట్రాలర్ల దళం కరిగిపోయింది. ఆ సరంగుల నైపుణ్యం తగ్గిందా? ఒక్క పిసరు కూడా తగ్గలేదు. వల అంత బాగానూ వేసేవారు. కాకపోతే వాళ్ళు బాగా చేసే పని అవసరం తగ్గిపోయింది. అదే కాలంలో పూడిమడక వైపు మత్స్యకారులు చిన్న పడవల్లో గేలాలతో ట్యూనా పట్టడం మీద నిలబడ్డారు. పెద్ద ఓడ, పెద్ద వల లేకపోవడం అక్కడ లోటు కాలేదు.

బెంచ్ మీద కూర్చుని ఇది చదువుతుంటే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఎందుకంటే నేనూ ఆరేళ్ళూ శాండ్‌హెడ్స్‌లోనే వల వేశాను. ఒకే క్లయింటు, వాళ్ళ పాత బిల్లింగ్ సిస్టం. అందులో ఏ టేబుల్ ఎక్కడుందో, ఏ జాబ్ ఎందుకు అర్ధరాత్రి ఆగిపోతుందో నిద్రలో లేపినా చెప్తా. మార్చి 31న ఆ సముద్రమే మూసేశారు.

ముప్పుల గడి గురించి కూడా ఒక మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు హార్బర్లో ఉన్న బోట్లు కూడా దెబ్బ తిన్నాయి, మునిగాయి. అది బయటి ముప్పు, ఆకాశం నుంచి వచ్చింది. 2023 నవంబర్ 19 రాత్రి వచ్చింది అలాంటిది కాదు. జెట్టీ దగ్గర ఒక బోటుకి అంటుకున్న నిప్పు పక్క బోటుకి, దాన్నుంచి ఇంకోదానికి... తెల్లారేసరికి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. బోట్లు ఒకదానికొకటి ఆనించి కట్టి ఉంటాయి, లోపల డీజిలు, వంటకి గ్యాసు సిలిండర్లు. అలలప్పుడు కాపాడేది ఆ దగ్గరతనమే, నిప్పు పడ్డప్పుడు కొంప ముంచింది కూడా అదే. ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. కాలిన వాటిలో మావయ్యదీ ఒకటి. ఇన్సూరెన్స్ ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "తుఫానుకి బయపడినాం గానీ అల్లుడూ, పక్కబోటుకి ఎవడు బయపడతాడు?" అన్నాడు. ఇప్పుడు గుల్లలు గీకిస్తున్నది ఆ తర్వాత అప్పు చేసి కొన్న సెకండ్ హాండ్ బోటు.

ముప్పుల గడిలో మనందరం ఈమధ్య "ఏఐ" అని రాస్తున్నాం. తప్పేం లేదు, అది తుఫాను లాంటిది, రాయాల్సిందే. కానీ పక్కబోటు సంగతి? ఒకే క్లయింటు, ఒకే టెక్నాలజీ, ఒకే మేనేజరు, ఒకే జీతం మీద ఇంటి ఇ.ఎం.ఐ... వీటిని ముప్పులని ఎవరం రాయం. సుఖంగా ఆనుకుని ఉన్నాం కదా!

అవకాశాల గడిదీ అదే తంతు. 2025 అక్టోబర్లో విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ పెడతానని ప్రకటించాక మా వీధిలో ప్రతివాడి అవకాశాల గడిలో అదే మాట. మాంగనీసు ఉందని తెలిసినంత మాత్రాన హార్బరు రాలేదు కదా! మన కొలను ఎంత లోతు తవ్వి ఉందో కూడా చెప్పాలి.

సరే, ఇంత పురాణం విన్నాక మరి నువ్వేం చేశావయ్యా అంటారా? చెప్తాను.

1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు జొహారీ కిటికీ అని ఒకటి చెప్పారు. అందులోనూ నాలుగు గళ్ళే. వాటిలో ఒక గడి, మన గురించి ఎదుటివాళ్ళకి తెలిసి మనకి తెలియనిది. అంటే బోటు అడుగన్న మాట. దాన్ని నేను ఒక్కణ్ణే నింపలేను. అందుకని మా పాత టీములోంచి ఏడాదిన్నర క్రితం వెళ్ళిపోయిన ఒక జూనియర్‌కి ఫోన్ చేశాను. మొహమాటం లేకుండా చెప్పమని బతిమాలాను. కాసేపు నసిగి, చివరికి చెప్పాడు.

"నిజం చెప్పనా అన్నా? మీకు తెలిసింది ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. నేను అడిగితే, నువ్వు లేచెళ్ళు నేను చూసుకుంటా అని మీరే చేసేసేవాళ్ళు. రెండేళ్ళున్నాను, నాకేం రాలేదు. అందుకే మానేశా."

ఆ రోజు అన్నం సయించలేదు. కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. నేను ఇన్నాళ్ళూ దాన్ని "బాధ్యత తీసుకుంటాను" అని బలాల గడిలో రాసుకున్నాను. కానీ వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క డాక్యుమెంటు రాయలేదు నేను. నాకొక్కడికే తెలిసుంటే నన్నెవరూ కదపలేరని లోపలెక్కడో లెక్క. ఉత్తరానికి నడవాల్సిన ఇసకని నా దగ్గర ఆపేశాను. నా హార్బరు భద్రంగా ఉందనుకున్నాను, అవతల బీచి కోసుకుపోయింది. చివరికి క్లయింటు వెళ్ళిపోయాక నా దగ్గర మిగిలింది ఎవరికీ అక్కర్లేని ఇసక గుట్ట.

అప్పుడు కూర్చుని కొత్త కాగితం రాశాను. ఈసారి ఒక్కో మాటకీ నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నా: ఆధారం ఏది? ఎక్కడ పనికొస్తుంది? ఎప్పటిదాకా? ఇంకొకరికి దానివల్ల ఏమవుతోంది?

బలం: బిల్లింగ్ సిస్టం మొత్తం తెలుసు. ఆధారం: రాత్రిపూట వచ్చిన పెద్ద టికెట్లలో ఎక్కువ భాగం నా పేరు మీదే మూసినవి. ఎక్కడ: ఆ ఒక్క క్లయింటు దగ్గర. ఎప్పటిదాకా: మార్చి 31. అంటే ఇది బలం కాదు, జ్ఞాపకం. కొట్టేశాను. కానీ ఆ గీత కింద ఇంకోటి కనపడింది: ఎవరో ఇరవై ఏళ్ళ క్రితం రాసి వదిలేసిన కోడు, డాక్యుమెంట్లు లేకుండా, చదివి అర్థం చేసుకోగలను. ఇది ఏ క్లయింటుకైనా పనికొస్తుంది. ఇది ఉంచాను.

బలహీనత: తెలిసింది పంచను. ఆధారం: ఒక జూనియర్ మానేశాడు. ఇది పోతుందని రాయలేదు, దానికి డ్రెడ్జర్ పెట్టాను. ప్రతి శుక్రవారం గంటసేపు ఆ వారం నేర్చుకున్నది రాసి టీముకి పంపాలి. బెంచ్ మీద టీము లేదు కాబట్టి ప్రస్తుతానికి తోటి బెంచ్ వాళ్ళకే పంపుతున్నా. నాలుగు వారాలైంది. ఒక వారం ఎగ్గొట్టాను, అది కూడా రాసుకున్నాను.

ముప్పు: నా మొత్తం ఆదాయం ఒకే తాడుకి కట్టి ఉంది. దీనికింకా జవాబు లేదు. ఆ పక్కన ఖాళీగా వదిలేశాను. ఖాళీ అయినా అబద్ధం కంటే నయం కదా.

ఇది చేస్తే ఉద్యోగాలు వచ్చేస్తాయని చెప్పడం లేదండీ. 1997లో టెర్రీ హిల్, రాయ్ వెస్ట్‌బ్రూక్ అనే ఇద్దరు ఇంగ్లండులో స్వాట్ చేసిన 20 కంపెనీల్ని పరిశీలించారు. ఒక్క కంపెనీ కూడా తర్వాత నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఆ జాబితాలని వాడలేదట! అందుకే ఆ వ్యాసానికి, పాడైన సరుకు కంపెనీ వెనక్కి తీసుకున్నట్టు స్వాట్‌నీ వెనక్కి తీసుకోవాలి అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. రాసి ఫైల్లో పెట్టేస్తే ఇదీ అంతే. పీటర్ డ్రకర్ 1999లో చెప్పిన పద్ధతి నాకు నచ్చింది: ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా ఏం జరుగుతుందనుకుంటున్నావో రాసిపెట్టుకో, తొమ్మిది నుంచి పన్నెండు నెలల తర్వాత జరిగినదానితో పోల్చి చూడు. పోర్టువాళ్ళు చేసేది ఇదే. మా దారి లోతైనది అని బోర్డు రాసి పెట్టరు. ఎప్పటికప్పుడు కొలిచి, ఫలానా తేదీన ఇన్ని మీటర్లు అని చెప్తారు. ఓడ కెప్టెనుకి విశేషణం అక్కర్లేదు, అంకె కావాలి. ఇంటర్వ్యూ చేసేవాడికీ అంతే.

రెండో ఇంటర్వ్యూకి ఈ కొత్త కాగితమే పంపాను. జూనియర్ సంగతితో సహా. అవతలామె దాని మీదే అరగంట అడిగింది. ఆ ప్రాజెక్టూ రాలేదు, వాళ్ళకి కావలసిన క్లౌడ్ అనుభవం నాకు లేదు. కానీ ఈసారి "మీరెక్కడున్నారు" అని మాత్రం అడగలేదు. వచ్చే వారం ఇంకో టీముతో మాట్లాడాలి. వాళ్ళ దగ్గర ఓ పాత సిస్టం ఉందట, రాసినవాళ్ళెవరూ ఇప్పుడు కంపెనీలో లేరట. చూద్దాం.

నాకింకా ఇరవై రెండు రోజులుంది. మావయ్యకి నాకంటే ఒక వారం లోపే ముందు నిషేధం అయిపోతుంది. నిన్న వెళ్ళేసరికి బోటు అడుగు శుభ్రంగా గీకేసి మొదటి కోటు రంగు వేస్తున్నారు. రంగు పడని చోట కొత్తగా వేసిన పలక తెల్లగా కనపడుతోంది.

"ఎన్నాళ్ళు ఆగుతాది మావయ్యా ఇది?" అన్నాను ఆయన యాసలోనే.

"వచ్చే ఏడు మళ్ళీ గీకాల గదా" అన్నాడు, బ్రష్షు నా చేతికిస్తూ.

మీరు కూడా ఓసారి ప్రయత్నించండి. ఫారంలో కాదు, అక్కడ నిజం రాయమని నేను చెప్పను, నాకూ అనుభవం ఉంది :-) విడిగా ఓ కాగితం మీద. ముందు మీ దగ్గర పని చేసి మానేసిన ఒక్కరికి ఫోన్ చేసి, తర్వాత రాయండి. తేదీ వెయ్యడం మాత్రం మర్చిపోకండి.